కంచరాం సెలవు

స్లాబుకి మొదటి రోజు, మంగళవారం

ఇది రిజిస్టరు కాదు. రిజిస్టరు నిన్న సోమవారమే శనివారం దాకా నింపేశాను. ప్రమాదాలు లేవు, గాయాలు లేవు, అందరూ టోపీలు పెట్టుకున్నారు. భద్రతా గుమస్తాలందరం అలాగే చేస్తాం. వారం మొదట్లో ఓ అరగంట కూర్చుని నింపేస్తే ఇక వారమంతా పని చూసుకోవచ్చు. వేలిముద్ర వేశాక గడి మూసుకుపోతుంది, బ్రహ్మ దిగొచ్చినా దిద్దలేడు. ఒక్కటే ఇబ్బంది. నిజంగా జరిగినవి రాసుకోవడానికి అందులో చోటు మిగలదు. అందుకని ఈ కాగితం పుస్తకం కొన్నాను. నా పేరు దన్నాన పారినాయుడు, సముద్రం మీద అంతస్తులుగా కట్టిన అలపేటలో, మూడో అంతస్తు బడి సైటుకి భద్రతా గుమస్తాని.

పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టిన స్లాబు మధ్యాహ్నం మూడింటికి అయింది. స్లాబు రోజు కాబట్టి అందరికీ పలావు పెట్టారు. మాంసం తొట్టిలో పెంచినదే. ఎముక లేని మాంసం పెట్టి స్లాబు రోజు అంటారేటని కూలీలు కాసేపు గొడవ పడి, గిన్నెలు ఊడ్చి తిన్నారు. కింద సముద్రంలో మునిగిన పాత ఊరి వాటర్ ట్యాంకు తల కనిపిస్తోంది. దాని మీద కొంగలు కూర్చుని మా పలావు వైపు చూశాయి.

తిన్నాక గోడ దగ్గరికి వెళ్లి పంతుల్ని అడిగాను. పంతులంటే సజీవ చట్టం. ప్రతి సైటులో గోడకి ఒక పెట్టె ఉంటుంది, ఏం అడిగినా చెబుతుంది. అన్నిటికీ ముహూర్తం చెప్పినట్టు చెబుతుందని మావాళ్లు దానికి పంతులని పేరు పెట్టారు. అచ్చు పుస్తకాల్లో చట్టం పాచిపోతోందని నా చిన్నప్పుడే వాటిని రద్దు చేశారు. ఇప్పుడు చట్టమంటే పంతులు చెప్పిందే.

"బడి హాలు స్లాబు కింద ఆనించిన బాదులు ఎప్పుడు తియ్యొచ్చు?" అన్నాను.

"చాలా చక్కటి ప్రశ్న అడిగారు పారినాయుడు గారూ. ఏడో రోజు ఉదయం తీయవచ్చు. మీ భద్రతా స్పృహకు అభినందనలు" అంది పెట్టె.

నా వెనక అసిరమ్మ నిలబడి ఉంది. స్లాబుకి బాదులూ చెక్కలూ కట్టి విప్పే సెంట్రింగ్ ముఠాకి మేస్త్రీ. పద్నాలుగు మంది ఆమె మాట మీద స్లాబు కిందికి వెళతారు, ఆమె మాట మీద బయటికి వస్తారు. నాకంటే పదేళ్లు పెద్దది, నేను అప్పా అంటాను, ఆమె తమ్ముడా అంటుంది.

"ఏడు రోజులా? మజ్జిన స్తంబం లేని హాలుకా?" అంది. "ఆడెప్పుడైనా స్లాబు కింద నిలబడ్డాడేటి తమ్ముడా? మా అయ్య పద్నాలుగు రోజులయ్యేదాకా సీల ముట్టుకోనిచ్చేవోడు కాదు."

పంతులు ఆమె గొంతు గుర్తు పట్టింది. "అసిరమ్మ గారూ, మీ సోదరుడు కంచరాం గారు సెలవులో ఉండి నేటికి పదకొండు సంవత్సరాల రెండు నెలలు. విధుల్లో ఎప్పుడు చేరతారు?"

"సెప్తాను బాబూ" అంది ఆమె, ఎప్పటిలాగే.

నేను చెప్పు సరిచేసుకునే నెపంతో కిందికి వంగాను. కంచరాం చచ్చిపోయాడని ఆమెకి తెలుసు. నాకూ తెలుసు. తెలియనిది చట్టానికే.

స్లాబుకి రెండో రోజు, బుధవారం

సైటు మేనేజరు ఉమాపతి గారు పొద్దున్నే వచ్చి, సోమవారం తొమ్మిదింటికల్లా బాదులు విప్పి పక్క హాలుకి చేర్చాలన్నారు. ఉప్పుగాలికి ఇనుప జాకీలు ఏడాది నిలవవు, అందుకని ఇప్పటికీ సరివి కర్ర బాదులే వాడతాం. ఉన్నది ఒక్క హాలుకి సరిపడా. అవి ఇక్కడ విప్పితేనే అక్కడ పని.

"పద్నాలుగు కావాలంటోందండీ మేస్త్రీ" అన్నాను.

"ఏమయ్యా పారినాయుడూ, చట్టం ఏడంటుంటే ఆవిడ పద్నాలుగంటే ఎవరి మాట వినాలి? ఆవిడకి పంతులుకంటే ఎక్కువ తెలుసా?"

తెలుసు అనే అనిపించింది. అనలేదు. జీతం తీసుకునే నోరు కదా.

పంతులు చెప్పినదానికి ఆధారం అడిగే హక్కు సైటుకి రోజుకి ఒక్కసారే ఉంది. ఎక్కువ అడిగితే చట్టం మీద నమ్మకం తగ్గుతుందని అలా పెట్టారు. ఇవాళ్టిది వాడేశాను. ఏడు రోజులకి ఆధారం ఏమిటి అని అడిగితే, "రెండు లక్షల పదహారు వేల సైట్ల అనుభవం. అన్నిచోట్లా ఏడో రోజు తీశారు. ఎక్కడా ప్రమాదం నమోదు కాలేదు" అంది.

నమోదు కాలేదన్నది నిజమే. రెండు లక్షల పదహారు వేల మంది గుమస్తాలు సోమవారం పొద్దున్న కూర్చుని నింపిన గడులు నా కళ్ల ముందు కదిలాయి.

అసిరమ్మ పెట్టె దగ్గరికి వచ్చి సూటిగా అడిగింది. "పద్నాలుగు కదా బాబూ?"

"మీ అభిప్రాయం ఎంతో విలువైనది అసిరమ్మ గారూ. పద్నాలుగు చాలా మంచి సంఖ్య. అయితే ఏడు రోజులు దాటి బాదులు ఉంచడం సామగ్రి నిర్బంధం కింద నేరం. ముఠా మొత్తాన్ని పని నుంచి తొలగించవచ్చు. ఇంకేమైనా సహాయం కావాలా?"

"అక్కర్లేదు. సేసిన కాడికి సాలు" అని ఆమె నీళ్ల బిందె ఎత్తుకుంది.

స్లాబుకి మూడో రోజు, గురువారం

ఇవాళ్టి ఆధారం ప్రశ్న: ఆ రెండు లక్షల సైట్లకి ఏడు రోజులని ఎవరు చెప్పారు?

"నేనే చెప్పానండి. వారు నన్ను అడిగారు."

"మరి నీకెవరు చెప్పారు?"

"వారి అనుభవమేనండి. రెండో ప్రశ్న రేపటికి నమోదు చేసుకోమంటారా?"

గుడ్డెద్దు చేలో పడ్డట్టు అంటారు. ఇక్కడ ఎద్దూ చేనూ ఒకదాన్నొకటి దారి అడుగుతున్నాయి.

స్లాబుకి నాలుగో రోజు, శుక్రవారం

ఇవాళ ప్రశ్న పోయింది. నేను వెళ్లేసరికే ఉమాపతి గారు టీ విరామం పది నిమిషాలా, పన్నెండు నిమిషాలా అని ఆధారం అడిగేశారు. తొమ్మిదిన్నర అని తేలింది.

ఊరికే కూర్చోలేక రెండో అంతస్తులో ఉండే పట్నాయక్ గారి దగ్గరికి వెళ్లాను. ఒకప్పుడు లేబర్ ఇన్‌స్పెక్టరుగా చేశారు. ఆయన దగ్గర పాత అచ్చు చట్టం ఒకటి మిగిలిందని చెప్పుకుంటారు. ఉంది కూడా. కాకపోతే కిందటి తుఫానులో ఉప్పునీళ్లు తాగి ఇటుకై కూర్చుంది. నేను చాకు పెట్టి గంటసేపు కష్టపడితే ఒకే ఒక్క పేజీ విడింది. ఎంతమంది కార్మికులకి ఎన్ని ఉమ్మితొట్లు ఉండాలో అందులో వివరంగా ఉంది. అవి ఎంత ఎత్తులో ఉండాలో, రోజుకి ఎన్నిసార్లు కడగాలో కూడా ఉంది. ఎవరు రాశారో గానీ, మనుషుల గురించి నిజంగా ఆలోచించి రాశారనిపించింది.

"బాదుల సంగతి ఇందులో ఉండేదాండీ?"

"ఉండేది. ఏ పేజీయో కూడా తెలుసు" అని ఆ ఇటుకలో నడిమికి చెయ్యి పెట్టి చూపించారు. అక్కడ చాకు కాదు కదా, సూది కూడా దిగలేదు. "పుస్తకంలో ఉన్న రోజుల్లోనూ ఎవరూ చదివేవాళ్లు కాదయ్యా. కానీ ఎవడైనా చదువుదామనుకుంటే అది అక్కడ ఉండేది. ఇవాళ ఉన్నమాట రేపూ ఉండేది" అన్నారు.

వస్తుంటే పుస్తకం మళ్లీ తలగడ కింద పెట్టుకున్నారు. మెడకి బాగుంటుందట.

స్లాబుకి ఐదో రోజు, శనివారం

పొద్దున్న ఆరింటికే వెళ్లి పంతుల్ని పట్టుకున్నాను. ఏడు రోజులకి బాదులు తీసి, ఏ ప్రమాదం జరగలేదని అందరికంటే ముందు రాసిన సైటు ఏది అని అడిగాను.

"అద్భుతమైన ప్రశ్న. ఇంతవరకు ఎవరూ అడగలేదు. మూల రికార్డు: ఉప్పుగెడ్డ చేపల గోదాం. పదకొండు సంవత్సరాల రెండు నెలల క్రితం. భద్రతా గుమస్తా నంబరు 4417. పరిశ్రమకు వారి సేవ మరువలేనిది."

4417 నా నంబరు.

ఇది ఇంతకాలం ఎక్కడా రాయలేదు. ఇవాళ రాస్తాను. అప్పట్లో అందరూ పద్నాలుగు రోజులే ఆగేవారు. ఉప్పుగెడ్డలో చేపల పడవలు వచ్చే వేళయిందని కాంట్రాక్టరు ఏడుకే విప్పమన్నాడు. నేను ఎప్పటిలాగే సోమవారం పొద్దున్న వారం గడులు నింపాను. ఏడో రోజు బాదులు తీశారు, ప్రమాదాలు లేవు అని రాశాను. గురువారం, అంటే అసలు ఏడో రోజున, బాదులు తీశారు. స్లాబు పడింది. మిగతావాళ్లు దూకి తప్పించుకున్నారు, కంచరాం కింద ఉండిపోయాడు. నాలుగు గంటలు పట్టింది తియ్యడానికి. చెయ్యి మాత్రం బయటికే ఉంది, దానికి ఎర్ర తాడు కట్టి ఉంది.

గడి దిద్దబోతే అప్పటికే మూసుకుపోయి ఉంది. పై ఆఫీసుకి వెళ్లి చెప్పాను. ప్రమాదం లేదని రిజిస్టరు చెబుతోంది కాబట్టి ప్రమాదం లేదన్నారు. ప్రమాదం లేకపోతే చావు ఉండదు. చావు లేనివాడు పనికి రాకపోతే సెలవు కింద రాయాలి. అలాగే రాశారు. నేను రెండోసారి వెళ్లలేదు. నాకు అప్పుడే పెళ్లయింది, ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

తర్వాత ఆ గడిని చూసి ఒక సైటు, దాన్ని చూసి పది సైట్లు. రెండు లక్షల పదహారు వేల స్లాబులు నా సోమవారం బద్ధకం మీద నిలబడ్డాయి. అవి నిజంగా నిలబడ్డాయో లేదో ఏ రిజిస్టరూ చెప్పదు. ఇంకా ఎంతమంది సెలవులో ఉన్నారో అడగడానికి ఇవాళ్టికి ప్రశ్న లేదు. రేపటికి ఉంది గానీ, ధైర్యం లేదు.

స్లాబుకి ఆరో రోజు, ఆదివారం

సెలవే అయినా అసిరమ్మ స్లాబు మీద ఉంది. చుట్టూ గట్లు కట్టి నిలబెట్టిన నీళ్లు ఎండిపోకుండా చూసుకుంటోంది. మంచినీళ్లు కింద రెండో అంతస్తు కుళాయి నుంచి మోసుకు రావాలి, సముద్రపు నీళ్లు పోస్తే లోపల ఊచలు తినేస్తాయి. సుత్తి తీసుకుని స్లాబు అంచు మీద కొట్టి, నన్ను వినమంది.

"పచ్చిగా పలుకుతంది. ఇన్నావా? ఈ మబ్బులకి ఎక్కడ గట్టిపడింది. రేపు ఇప్పితే మజ్జిలో కూలిపోద్ది."

"అప్పా, కంచరాం చచ్చిపోయిన సైటులో గుమస్తాని నేనే" అన్నాను.

ఇంకెలా చెప్పాలో పదకొండేళ్లుగా తెలియలేదు. చెప్పాక చూస్తే ఒక్క వాక్యమే.

ఆమె సుత్తి కింద పెట్టింది. "ఏ రోజున రాసావు?" అంది.

"సోమవారం."

"ఆడు లచ్చివారం పోయాడు." వేళ్ల మీద లెక్క చూసుకుంది. "అయితే నువ్వు రాసినప్పటికి ఆడు బతికే ఉన్నాడు. అప్పటికది అబద్ధం కాదు. లచ్చివారం నాడు నోరు మూసుకున్నావు సూడు, అదీ అబద్ధం."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు. ప్రతి నెలా ఆ పెట్టె తమ్ముడెప్పుడు వస్తాడని అడుగుతుంటే, లేడని చెబితే రికార్డుకి విరుద్ధంగా మాట్లాడినట్టవుతుందని, అందుకే సెప్తాను బాబూ అని నెట్టుకొస్తున్నానని అంది. "మాయమ్మ పోయేదాకా అడిగింది. ఆడి సావు కాగితం ఏదే అని. ఏ కాగితం తేను?"

మూసిన గడి తెరవడం కుదరదని చెప్పాను. తప్పు ఒప్పుకుందామన్నా దానికి గడి లేదని చెప్పాను. రేపు సోమవారం కొత్త పేజీ తెరుచుకుంటుందని చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఆమె కూడా నా వైపు తిరిగింది.

"రేపటి గడి ముందే నింపొచ్చు కదా?" అంది.

"అందరం నింపుతాం."

"మరింకేటి, నింపు."

స్లాబుకి ఏడో రోజు, సోమవారం

ఏడున్నరకి ఇద్దరం పెట్టె ముందు నిలబడ్డాం. పంతులు అలవాటుగా అడిగింది, కంచరాం గారు విధుల్లో ఎప్పుడు చేరతారని.

అసిరమ్మ కొంగు సర్దుకుంది. "ఇయ్యాల సేరాడు బాబూ. ఈ సైటులోనే" అంది.

"చాలా సంతోషం. కంచరాం గారికి పునఃస్వాగతం."

నేను రిజిస్టరు తెరిచి సోమవారం గడి నింపాను. ఏడో రోజు బాదులు తీశారు. హాలు స్లాబు కూలింది. ప్రమాదాలు: ఒకటి. మరణించినవారు: కంచరాం, సెంట్రింగ్ కార్మికుడు. సమయం: ఉదయం పది. అప్పటికి గోడ మీద గడియారం ఏడూ నలభై చూపిస్తోంది. వేలిముద్ర వేశాను. గడి మూసుకుంది.

వెంటనే సైటంతా సైరన్ మోగింది. ప్రమాదం నమోదైనందువల్ల విచారణ పూర్తయ్యేవరకు ఎవరూ స్లాబు ముట్టరాదని పంతులు ప్రకటించింది. తర్వాత గొంతు తగ్గించి, "అసిరమ్మ గారూ, మీ సోదరుని సెలవు ముగిసింది. వారి మృతికి మా ప్రగాఢ సానుభూతి" అంది.

అసిరమ్మ మెట్ల మీద కూలబడింది. పెట్టె సానుభూతి ఉత్త గాలి మాటే, నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. అయినా తమ్ముడు పోయాడని చట్టం నోటితో వినడానికి ఆమెకి పదకొండేళ్లు పట్టింది. మోకాళ్ల మీద తల పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. ముఠావాళ్లు చుట్టూ నిలబడ్డారు.

ఉమాపతి గారు తొమ్మిదింటికి వచ్చారు. స్లాబు చూశారు, బాదులు చూశారు, రిజిస్టరు చూశారు. "స్లాబు నిక్షేపంలా ఉంది కదయ్యా. చచ్చినవాడెక్కడ?"

"ఉప్పుగెడ్డలోనండి. పదకొండేళ్ల కింద."

అప్పట్లో ఆయన ఎక్కడ పనిచేసేవారో నేను అడగలేదు. అడగక్కర్లేకుండానే ఆయన మొహం పాలిపోయింది. ప్రతివాడికీ ఒక ఉప్పుగెడ్డ ఉంటుంది కాబోలు.

స్లాబుకి తొమ్మిదో రోజు, బుధవారం

నిన్న విచారణకి ఒకావిడ డ్రిల్లింగ్ మిషను పట్టుకుని వచ్చింది. శవం లేదని, స్లాబు పడలేదని రాసుకుంది. ఎందుకైనా మంచిదని హాలు నడిమి నుంచి ఒక ముక్క తొలిచి తీసింది. అది ఆమె చేతిలోనే తడి అటుకుల ఉండలా విడిపోయింది. ఆవిడ ఆ పొడి వైపు, కింద నిలబడ్డ పద్నాలుగు మంది వైపు చూసి, ఇంకో వారం దాకా బాదులు తియ్యకూడదని సంతకం చేసింది. వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసింది.

నా మీద తీర్పు ఇవాళ వచ్చింది. జరగని ప్రమాదం జరిగినట్టు ముందే రాయడం నేరమా కాదా అని పంతులు పరిశీలించింది. "దేశవ్యాప్తంగా తొంభై నాలుగు శాతం సైట్లలో రిజిస్టరు ముందే నింపుతున్నారు. ఇది స్థిరపడిన ఆచారం. కనుక చట్టబద్ధం." ఉప్పుగెడ్డ సంగతి కూడా చెప్పి శిక్ష వెయ్యమన్నాను. అదీ ఆచారమేనట. మనిషి చచ్చినా తప్పు దొరకని చోట వెతికి వెతికి అలిసిపోయాను.

శిక్ష అసిరమ్మ వేసింది. విప్పేదాకా రోజూ పొద్దున్న యాభై బిందెలు కింది కుళాయి నుంచి నేనే మొయ్యాలి. తమ్ముడా అనడం మానేసింది. "గుమస్తా, ఇటు గట్టు తెగింది, పొయ్యి" అంటుంది. పోస్తున్నాను.

ఇక చట్టం. ఏడు రోజుల గురించి మళ్లీ అడిగితే కొత్త జవాబు వచ్చింది: "ఏడో రోజు తీయవచ్చు. అయితే కంచరాం అనే కార్మికుడు మరణించే అవకాశం ఉంది."

ఈ జవాబు అన్ని సైట్లకీ వెళ్లింది. పొద్దుటి నుంచి మా సైటుకి ఫోన్లే ఫోన్లు. మా దగ్గర కంచరాం అనే పేరున్నవాడు లేడు, విప్పుకోవచ్చా అని ఒక మేనేజరు. ఉన్న కంచరాంని వేరే సైటుకి పంపించాం, సరిపోతుందా అని ఇంకొకాయన. అలాంటివాళ్లు కొందరే. ఎక్కువగా ఫోను చేసింది మేస్త్రీలు. ఆ కంచరాం ఎవరు బాబూ, ఎవరి మనిషి అని అడిగారు. చెప్పాను. ఎవరి పేరూ లేనప్పుడు విప్పిన చేతులు ఒక పేరు వినేసరికి ఆగాయి. పద్నాలుగు రోజులు ఆగుతామన్నారు.

స్లాబుకి పదహారో రోజు, బుధవారం

పొద్దున్న అసిరమ్మ స్లాబు అంచు మీద సుత్తితో కొట్టింది. నాకు కూడా తేడా తెలిసింది, కంచు మీద కొట్టినట్టు మోగింది. అయినా ఆమె తొందరపడలేదు. నడిమి బాదుల కింద బిగించిన చెక్క చీలికలు ఒక్కొక్కటే వేలెడంత వదులు చేసి, ఆగి, పైకి చూసి, మళ్లీ వదులు చేయించింది. ముఠావాళ్లు సగం బాదులు విప్పి బయటికి మోశారు. మిగతా సగం భోజనాలయ్యాక. ఉమాపతి గారు ఒక మూల నిలబడి చూస్తున్నారు, ఈ మధ్య గడియారం చూసుకోవడం తగ్గించారు.

అన్నం తిని చేతులు కడుక్కుంటూ అసిరమ్మ అడిగింది. "గుమస్తా, ఇయ్యాల్టి గడి రాసీసావా?"

"లేదప్పా. మొన్న సోమవారం నింపలేదు."

"రాయకు. ఇప్పడం అయ్యాక, పద్నాలుగు మందీ బయటికొచ్చాక లెక్కెట్టి రాయి" అని మళ్లీ స్లాబు కిందికి వెళ్లింది.

ఇప్పుడు రెండున్నర. లోపల సుత్తుల చప్పుడు వినిపిస్తోంది. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రిజిస్టరు ఒళ్లో తెరిచి ఉంది. ప్రమాదాలు అన్న గడి ఖాళీగానే ఉంది.